ఉలాయుక్ తుపాకీ వెచ్చబెట్టిన వసంతం

తుపాకీని ఇంట్లోకి తేకూడదు. ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో నడక నేర్చిన ప్రతి పిల్లకీ తెలిసిన సంగతే ఇది. చలికి అలవాటు పడ్డ ఇనుము ఒక్కసారిగా వెచ్చటి వంటగదిలోకి వచ్చిందంటే దానికి చెమట పడుతుంది. ఆ చెమటతోనే మళ్ళీ బయటికి తీసుకెళ్తే అది లోపలి కీళ్ళలో మంచై బిగుసుకుంటుంది. అందుకే ప్రతి ఇంటికీ ముందు ఒక చలిగది. గడ్డకట్టిన చేపలు, పెట్రోలు డబ్బాలు, తుపాకీలు అన్నీ అక్కడే నిద్రపోతాయి. మనుషులు మాత్రం లోపల పడుకుంటారు.

ఉలాయుక్‌కి అరవై దాటాయి. ఆమెకి ఈ సంగతి తెలియదని ఎవరైనా అంటే ఊరు ఊరంతా నవ్వుతుంది. తెలిసే చేసింది. ఆ వసంతమంతా, ఎవరి కంటా పడకుండా, మొగుడి తుపాకీని లోపలికి తెచ్చి వెచ్చబెట్టింది.

ఆమె మొగుడు నుతారాక్ వేటకి వెళ్ళే రోజున ముందుగా పినతండ్రి కొడుకు కమానిక్ ఇంటికి వెళ్ళి ఆకాశం సంగతి అడిగి వస్తాడు. రేడియో చెప్పేది రేడియో చెబుతుంది, కమానిక్ ముక్కు చెప్పేది వేరు. ఇద్దరూ కూర్చున్నారంటే టీ మీద టీ, మాట మీద మాట. ఆ కాస్త సమయం ఉలాయుక్‌కి చాలు. చలిగదిలోంచి తూటాల్లేని తుపాకీని తెచ్చి, చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు, పొయ్యి పక్క కుర్చీలో పెట్టేది. కేటిల్ మరుగుతూ ఉండేది. ఇనుము మీద ముందు తెల్లటి నూగు పట్టేది. నూగు కరిగి చుక్కలయ్యేది. చుక్కలు ఒకదాన్నొకటి కలుపుకుని సందుల్లోకి జారిపోయేవి. ఆమె పైపైన తుడిచి, తీసుకెళ్ళి ఉన్నచోటే నిలబెట్టి, వచ్చి టీ పోసుకునేది. 

ఆమెకి కావలసింది ఒక్కటే. మొగుడు మంచు అంచుదాకా, గడ్డకట్టిన సముద్రం ఆగి నీళ్ళు మొదలయ్యే చోటుదాకా, వెళ్ళకూడదు. వెళ్ళినా తొందరగా తిరిగి రావాలి.

అప్పటికి సూర్యుడు అస్తమించడం మానేసి చాలా రోజులైంది. ఆకాశం చుట్టూ తిరుగుతూ ఉంటాడు, అంతే. ఆ రోజుల్లో ఎవరికి నిద్రొస్తే వాళ్ళు పడుకుంటారు, ఎవరికి మెలకువ వస్తే వాళ్ళకి అప్పుడే తెల్లవారినట్టు. కలకీ మెలకువకీ మధ్య ఉన్న తలుపు సరిగ్గా పడదు. కూరలో గరిట తిప్పుతున్న మనిషి కల తాలూకు మాటేదో పైకి అనేస్తుంది. ఎదురుగా కూర్చున్నవాడు దానికి జవాబు కూడా చెబుతాడు. ఎవరూ వింతగా చూడరు.

ఉలాయుక్‌కి ఆ వసంతంలో ఒకే కల వచ్చేది. నుతారాక్ మంచు మీద నడుస్తుంటాడు. మంచు గాజులా తేటగా ఉంటుంది. దాని కింద, తలకిందులుగా, ఆమె తమ్ముడు ఐపిలి నడుస్తుంటాడు. పైన ఇతను అడుగు వేస్తే కింద అతనూ అక్కడే అడుగు వేస్తాడు. అరికాలికి అరికాలు ఆనుతూ, మధ్యలో గాజుపలక. తమ్ముడు తొందరపడడు. పిలవడు. కలిసి నడుస్తాడంతే. నడుస్తున్న కొద్దీ మధ్యలో పలక పల్చబడుతూ ఉంటుంది.

ఐపిలి పోయి చాలా ఏళ్ళయింది. అప్పటికి ఉలాయుక్ కొత్త పెళ్ళికూతురు. ఆమె పుట్టింది ఊళ్ళో కాదు, వేటగాళ్ళ విడిదిలో. అక్కడ తల్లి దగ్గర నేర్చుకున్నది తోలు కుట్టడం. సూది తోలు మందంలో సగం దాకా దిగి, అవతలికి పొడుచుకు రాకుండా వెనక్కి రావాలి. అలా కుట్టిన బూటులోకి సముద్రం మొత్తం వచ్చినా చుక్క దిగదు. ఆ కుట్టు పడని చేతిని ఆడదాని చెయ్యి కిందే లెక్క వేసేవాళ్ళు కాదు. ఉలాయుక్ చెయ్యి చిన్నప్పుడే పడింది. తమ్ముడికి మొదటి పెద్దవాళ్ళ బూట్లు ఆమే కుట్టింది.

ఆ బూట్లేసుకునే అతను మంచు అంచుకి వెళ్ళాడు. గాలి మళ్ళింది. అతనున్న మంచుచెక్క చప్పుడైనా లేకుండా ఒడ్డుమంచు నుంచి విడిపోయి, నల్లటి నీళ్ళ మీద బయల్దేరింది. ఒడ్డున జనం అరుస్తున్నారు. అతను మాత్రం మంచు మీద సామాను లాగే తన స్లెడ్జి మీద తీరుబడిగా, టీ తెస్తారని ఎదురుచూసేవాడిలా కూర్చున్నాడు. ఇంక ఈదలేనంత దూరమయ్యాక ఒకసారి చెయ్యి ఊపాడు. తర్వాత పొగమంచు దిగింది. వెతికారు. దొరకలేదు. ఉలాయుక్ చాన్నాళ్ళు ఒకటే అనుకుంటూ గడిపింది, నీళ్ళు పట్టని కుట్టు కుట్టాను కదా, వాడి పాదాలైనా పొడిగా ఉండుంటాయని. ఏడుపుకి అదొక ఆసరా.

ఆ తర్వాత చిన్నాన్న కూతురికి ఆడపిల్ల పుడితే, ఐపిలి పేరే పెట్టారు. అక్కడ పేరు మగా ఆడా చూడదు. పేరు వచ్చిందంటే మనిషి వచ్చినట్టే. పొత్తిళ్ళలో ఉన్న ఆ పసిగుడ్డుని మొదటిసారి ఒళ్ళోకి తీసుకున్నప్పుడు ఉలాయుక్ "వచ్చావా తమ్ముడూ" అంది. ఆనాటి నుంచీ ఆ పిల్ల ఆమెకి తమ్ముడే, ఆమె ఆ పిల్లకి అక్కే. నుతారాక్ బావ. ఇప్పుడా ఐపిలి మొగుడూ పిల్లలూ ఉన్న మనిషి, సహకార కొట్లో అమ్మకాలు చూస్తుంది. బావని ఏడిపించే హక్కు పేరుతో పాటే సంక్రమించింది కాబట్టి దాన్ని ఒక్కరోజు కూడా వృథా పోనివ్వదు.

ఇంత ఉన్నా కల మాత్రం వస్తూనే ఉంది. ఆ ఏడు మంచు తొందరగా పల్చబడి, కింది నీళ్ళు కనబడి నల్లబడటం మొదలుపెట్టింది. ఉలాయుక్ కిటికీలోంచి ఆ మరకలు చూసేది. మొగుడికి "వెళ్ళకు" అని చెప్పవచ్చు కదా అంటారేమో. వేటగాడి పెళ్ళాం ఆ మాట అనదు. ఆమె తల్లి అనలేదు, అత్త అనలేదు. గుమ్మం దాటేవాడి వెనక భయాన్ని పంపిస్తే అది అతని భుజం మీద కూర్చుంటుందని వాళ్ళ నమ్మకం. కాబట్టి నోరు మూసుకుని, మాట్లాడలేని ఇనుముతో చెప్పింది.

నుతారాక్ తుపాకీ ఒక గుండు పేలగానే రెండోది తనంతట తానే ఎక్కించుకునే రకం. పేలిన మందు పొగే ఒక గొట్టంలోంచి వెనక్కి తంతుంది. ఆ తన్నుకి, తూటాని లోపలికి తోసే బోల్టు వెనక్కి జరిగి, ఖాళీ తూటాని బయటికి విసిరేసి, ముందుకొస్తూ కొత్తదాన్ని నోట కరుచుకుంటుంది. ఊపిరి కోసం పైకొచ్చే సీలు జంతువు తల నీళ్ళ మీద కనబడేది రెప్పపాటు. మొదటి దెబ్బ తప్పి దానికి గాయమైతే, వెంటనే రెండోది పడాలి. గాయపడ్డ జంతువుని వదిలేసి రావడమంత తలవంపు ఆ వేటగాళ్ళకి ఇంకోటి లేదు. రెండో గుండు మీద నమ్మకం లేనివాడు మొదటిది కూడా పేల్చడు.

"పేలుతుంది," అన్నాడు నుతారాక్, మొదటిసారి ఉత్తచేతులతో వచ్చిన రోజు. "పేలి, ఖాళీ తూటా సగం బయటికొచ్చి, తలుపులో వేలు పడ్డట్టు ఇరుక్కుంటుంది. బోల్టు పూర్తిగా వెనక్కి రావట్లేదు."

"పాతబడింది కదా," అంది ఉలాయుక్, సూదిలో దారం ఎక్కిస్తూ.

"నేనూ పాతబడ్డాను. నేను వస్తూ పోతూ లేనూ?"

ముందు తూటాల మీద అనుమానపడ్డాడు. వేరే పెట్టెలోవి తెచ్చాడు. తర్వాత మ్యాగజైను విప్పి స్ప్రింగు సాగదీశాడు, మూతి అంచులు వంకరపోయాయేమోనని గోటితో తడిమి చూశాడు. ఖాళీ తూటాని పట్టి లాగే చిన్న కొక్కేన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని, దాని పన్ను అరిగిందా అని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. అరగలేదు. పొగ గొట్టం ఊడదీసి, పిస్టను మీద పేరుకున్న మసిని బూడిదతో తోమాడు. తోముతుంటే ఇల్లంతా మందువాసన.

లోపలికి తెచ్చే పద్ధతి ఆయనకి తెలుసు. సంచిలో పెట్టి, మూతి బిగించి తెచ్చేవాడు. చెమటంతా సంచికే పట్టి, లోపల ఇనుము నెమ్మదిగా వెచ్చబడేదాకా ముట్టుకునేవాడు కాదు. ఒక్కో భాగాన్నీ పొడిగుడ్డతో తుడిచి, చలికి చిక్కబడుతుందని నూనె చుక్కైనా లేకుండా చేసి, అప్పుడు చలిగదికి పంపేవాడు. పసిపిల్లకి స్నానం చేయించి పడుకోబెట్టినంత ఓపిక. ఉలాయుక్ ఎదురుగా కూర్చుని కుడుతూ అదంతా చూసేది. ఆ చేతులంటే ఆమెకి పెళ్ళినాటి నుంచీ ఇష్టం. ఆ చేతుల్ని మోసం చేస్తున్నానని తెలిసినప్పుడల్లా సూది ఎక్కడో ఒకచోట వేలికి గుచ్చుకునేది.

బాగు చేసిన ప్రతిసారీ ఊరి చివర చెత్తకుప్ప వెనక్కి తీసుకెళ్ళి పరీక్షించేవాడు. అక్కడ అది వరసగా, గుక్క తిప్పుకోకుండా పేలేది. కాకులు లేచిపోయేవి. నుతారాక్ చిన్నపిల్లాడిలా నవ్వుకుంటూ ఇంటికొచ్చేవాడు. "దొరికిందే ఉలా! ఆ మసే. మసి వల్లే." మర్నాడు ఉత్సాహంగా కమానిక్ ఇంటికి బయల్దేరేవాడు. ఇక్కడ కేటిల్ మరిగేది.

మంచు అంచు దగ్గర మళ్ళీ అదే తంతు. ఒకసారి అక్కడే విప్పి చూస్తే గొట్టంలో మంచు కనబడింది. నీళ్ళ మీది పొగమంచే లోపలికి దూరుతోందనుకున్నాడు. ఎవరైనా సంచి లేకుండా లోపలికి తెచ్చారా అన్న ఊహ ఆయనకి రానే లేదు. ఆ ఊళ్ళో అలా అనుమానించడమంటే, వండిన మనిషిని పట్టుకుని ఉప్పు బదులు ఇసక వేశావా అని అడగడమే.

కమానిక్ మాత్రం జబ్బు తుపాకీది కాదని తేల్చేశాడు. వచ్చి, బల్ల మీద పరిచిన భాగాల్ని చూసి, పచ్చి చేపముక్క నములుతూ అన్నాడు, "ఎందుకురా ఊరికే దాన్ని హింసిస్తావు? సీళ్ళకి నీ మీద కోపం వచ్చింది. కిందటేడు ఒకదాన్ని చూసి, దీని మీసాలు మా మామగారి మీసాల్లా ఉన్నాయని నవ్వావు. అవి మర్చిపోవు."

"ఆ మాటన్నది నువ్వు."

"అన్నది నేనే. నవ్వింది నువ్వు. అనడం వేరు, నవ్వడం వేరు."

"మరి నీ తుపాకీ ఎందుకు పేలుతోంది?"

"మా మామగారు చచ్చిపోయాడు కదా, ఆయన నా తరఫున వాటికి సర్ది చెబుతాడు," అన్నాడు కమానిక్, ఇంకో ముక్క అందుకుంటూ. ఉలాయుక్ కూడా నవ్వింది. నవ్వి, తేలు కుట్టిన దొంగలా తల దించుకుంది.

ఆ రోజే నుతారాక్ మొహమాటంగా అడిగాడు. "ఉలా, దీనికొక తొడుగు కుట్టిపెడతావా? నీ బూట్ల కుట్టుతో. చుక్క దిగని కుట్టు."

కుట్టింది. మంచి సీలు తోలు తీసి, కత్తిరించి, జీవితంలో ఎవరికీ కుట్టనంత శ్రద్ధగా కుట్టింది. అబద్ధానికి అంత చక్కటి బట్ట వేసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆయన దాన్ని చేత్తో నిమిరి, లోపలికి ఊది, ఎక్కడా గాలి పోవడం లేదని మురిసిపోయాడు. తర్వాతి ప్రయాణం నాడు ఆమె ఆ తొడుగు తీసి పక్కన పెట్టి, తుపాకీని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, చెమట పట్టాక మళ్ళీ తొడుగు వేసి బయట పెట్టింది. తడి లోపలే ఉండిపోయింది. చుక్క బయటికి రాలేదు. అంత మంచి కుట్టు మరి.

ఆ ప్రయాణం నుంచి నుతారాక్ చాలా ఆలస్యంగా వచ్చాడు. తిని పడుకున్నాడు. లేచాక తుపాకీ జోలికి పోలేదు. బల్ల ముందు కూర్చుని తన రెండు చేతులూ ఎదురుగా పెట్టుకుని చూసుకున్నాడు.

"దానిలో ఏం లేదు ఉలా. అన్నీ చూశాను. నాలోనే ఉందేమో. గట్టిగా ఆనించి పట్టుకోవట్లేదేమో, చెయ్యి సగంలో వదిలేస్తోందేమో. మా నాన్నకీ ఇలాగే అయింది. ముందు చేతులు వదిలేశాయి. తర్వాత వేట ఆయన్ని వదిలేసింది. తర్వాత ఆయన ఎంతో కాలం ఉండలేదు."

ఉలాయుక్ "టీ పొడి అయిపోయింది" అని లేచింది. నిజానికి అయిపోలేదు.

కొట్లో జనం లేరు. పిండి బస్తాల మధ్య ఐపిలి కాళ్ళు చాపుకుని కూర్చుని అట్టపెట్టెలు చింపుతోంది. వాకిట్లోంచి పడిన ఎండ నేలంతా పరుచుకుని, లేస్తున్న దుమ్ము మెల్లగా మెరుస్తోంది. ఉలాయుక్‌కి అదంతా కలలో చూసిన చోటులా అనిపించింది.

"రా అక్కా. మొహం అలా ఉందేం? బావ తిట్టాడా? చెప్పు, వెళ్ళి నాలుగు దులిపేసి వస్తాను."

"ఆయన తిడితే బాగుండేది."

"అబ్బో. పెద్ద మాటే ఇది." ఐపిలి పెట్టెలు పక్కకి తోసి చోటు చేసింది. "బావ మొన్న ఇక్కడికొచ్చాడు, స్ప్రింగు ఉందా అని. నీకొక సంగతి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అందుకని చెబుతున్నాను. అంచు దగ్గర ఎలుగుబంటి వచ్చిందట అక్కా."

ఉలాయుక్ బస్తా మీద కూలబడింది.

"టీ కాచుకుంటున్నాడట. వెనక నుంచి వచ్చింది. తిరిగి చూసేసరికి మన ఇల్లూ ఈ కొట్టూ ఉన్నంత దూరం కూడా లేదట. పైకి ఒకటి పేల్చాడు. అది ఆగింది. రెండోది ఇరుక్కుపోయింది. ఆ ఇరుక్కున్న తుపాకీ పట్టుకుని, నించునే ఉన్నాడట పాపం. అది చూసిందట, ఈయనా చూశాడట. తర్వాత దానికి ఏం తోచిందో, టీ పెట్టెని ఒకసారి వాసన చూసి వెళ్ళిపోయింది. బావ అంటాడూ, టీ పొడి మంచి రకం కాదని అదే తేల్చింది, మార్చమని మీ అక్కకి చెప్పు అని. నవ్వుతూనే చెప్పాడు. చేతులు మాత్రం జేబుల్లోంచి తియ్యలేదు."

 నీళ్ళ నుంచి కాపాడుకుంటున్నాననుకుని ఎలుగుబంటి ముందు మొగుణ్ణి ఉత్తచేతులతో నిలబెట్టింది. ఆ తుపాకీలో బిగుసుకున్నది పొగమంచు కాదు, తన భయమేనని ఆమెకి అర్థమైంది. 

"తమ్ముడూ," అంది చివరికి. "ఒకటి అడుగుతాను, నవ్వకు. అక్కడ చలిగా ఉంటుందా?"

"ఎక్కడ?"

"నీళ్ళ కింద. రోజూ కలలోకొస్తున్నావు. మీ బావ కాళ్ళ కింద నడుస్తున్నావు. నీకు తోడు కావాలేమో, ఆయన్ని తీసుకుపోతావేమోనని..." 

ఐపిలి నవ్వలేదు. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వకపోతే మొహం ఎలా మారిపోతుందో! ఒక్క క్షణం అందులో ఇంకెవరో కనబడ్డారు. తర్వాత కాలు చాపి, బూటు ఊడదీసి, మేజోడు కూడా లాగేసి, ఉత్త పాదాన్ని అక్క ఒళ్ళో పెట్టింది.

"చూడు. తడి ఉందా?"

లేదు. వెచ్చగా ఉంది. మడమ దగ్గర కాస్త పగిలింది.

"నీళ్ళ కింద ఎవరూ లేరక్కా. నేను ఇక్కడ పిండి అమ్ముకుంటున్నాను. పిల్లాడికి పళ్ళొస్తున్నాయి, నిద్ర లేదు. మొగుడు గురక పెడతాడు. ఇవన్నీ వదిలేసి ఆ చీకట్లో తిరగడానికి నాకు పిచ్చా? వాడెవడో నా మొహం పెట్టుకుని నీ కలలోకొస్తే తరిమెయ్యి. మా తమ్ముడు కొట్లో ఉన్నాడని చెప్పు."

ఉలాయుక్ ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. ఎన్నేళ్ళుగానో ఏడుస్తున్న ఏడుపే. ఈసారి మాత్రం పక్కన ఎవరో ఉన్నట్టనిపించింది. ఐపిలి ఆమె తల మీద చెయ్యి వేసి, వచ్చిన గిరాకీని కనుసైగతో వెనక్కి పంపేసింది.

ఇంటికొచ్చేసరికి నుతారాక్ తుపాకీని ఆ మంచి తొడుగులో పెట్టి, తాడుతో కడుతున్నాడు.

"ఇది ఐపిలి మొగుడికిచ్చేస్తాను. వాడు కుర్రాడు. వాడి చేతిలో పలుకుతుందేమో. తొడుగు కూడా ఇచ్చేద్దాం, ఏం?"

పలుకుతుంది. అది ఉలాయుక్‌కి ఖాయంగా తెలుసు. ఆ ఇంట్లో చలిగదిలో హాయిగా పడుకుని, వాడి చేతిలో గుక్క తిప్పుకోకుండా పేలుతుంది. పేలిందని వాడు వచ్చి సంతోషంగా చెబుతాడు. ఆ రోజు నుంచీ ఈ మనిషి, తప్పు తన చేతులదేనని నమ్మి, ఈ బల్ల ముందే కూర్చుని ముసలివాడవుతాడు. కోరుకున్నది ఇదే కదా, ఇంట్లో ఉండాలనే కదా. ఉంటాడు. ఇలా ఉంటాడు.

"నీ చేతులు బాగానే ఉన్నాయి," అంది. "తుపాకీ కూడా బాగానే ఉంది. నేనే లోపలికి తెచ్చాను."

"ఎక్కడికి?"

"లోపలికి. ఇక్కడికి. ఆ కుర్చీలోకి. నువ్వు కమానిక్ ఇంటికి వెళ్ళినప్పుడల్లా."

ఆయనకి మాటలు వినబడ్డాయి కానీ అర్థం కాలేదు. కుర్చీని చూశాడు. కేటిల్‌ని చూశాడు. తొడుగుని చూశాడు. ఒక్కోటీ చూస్తుంటే ఒక్కో స్ప్రింగు, ఒక్కో కొక్కెం గుర్తొస్తున్నట్టుంది.

"నువ్వు మునిగిపోతావని భయమేసింది. ఒక్క గుండే పేలితే తొందరగా వచ్చేస్తావనుకున్నాను. ఎలుగుబంటి సంగతి ఐపిలి చెప్పింది. ఇంకేం చెప్పను? నేనే చంపేసి ఉండేదాన్ని నిన్ను."

నుతారాక్ లేచి చలిగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. వాళ్ళలో కోపం వస్తే అరవరు. బయటికి వెళ్ళిపోతారు. ఒక్కోసారి వేరే ఊరికే వెళ్ళిపోతారు. ఉలాయుక్ కదలకుండా కూర్చుని తలుపు కేసి చూసింది. బయటి తలుపు తెరుచుకున్న చప్పుడు ఎప్పుడు వస్తుందా అని విన్నది. రాలేదు. కొంతసేపటికి ఆమే వెళ్ళి తలుపు తీసింది.

ఆయన పెట్రోలు డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. భుజాలు అదురుతున్నాయి. నవ్వుతున్నాడనుకుంది ముందు. కాదు.

"నా చేతులు కావన్నమాట," అన్నాడు. "కావన్నమాట ఉలా. నేను అయిపోయాననుకున్నాను. మా నాన్నలాగా."

ఆమె పక్కన చేపల పెట్టె మీద కూర్చుంది. ఇద్దరి ఊపిరీ తెల్లగా పైకి లేచి, కలిసిపోయి, కప్పుకి తగిలి పోయింది.  చలికి ఆమె మోకాళ్ళు పట్టేశాయి, అయినా లేవలేదు.

"ఇంకెప్పుడైనా భయమేస్తే నాకు చెప్పు," అన్నాడు నుతారాక్. "తుపాకీకి చెప్పకు."

"వేటగాడి పెళ్ళాం చెప్పకూడదు కదా."

"చెప్పు. నా భుజాలు గట్టివే. ఎలుగుబంటినే చూశాయి."

తర్వాత మంచి ఆకాశం పడ్డ రోజున స్లెడ్జి కట్టాడు. కమానిక్ ముక్కు కూడా సరేనంది. తుపాకీ చలిగదిలో, పొడిగా, ఎవరూ ముట్టుకోకుండా ఉంది. దూరంగా అంచు మీద నీళ్ళు వెలుగుతున్నాయి. సీళ్ళు పైకొచ్చి పడుకునే రోజు. అలాంటి రోజుని ఎవరూ వదులుకోరు. నుతారాక్ మంచుబండి మీద ఎక్కి, మోటారు తిప్పి, వెనక్కి చూశాడు. ఉలాయుక్ గుమ్మంలో నిలబడి ఉంది.

"భయమేస్తోంది," అంది.

కమానిక్ వాళ్ళ స్లెడ్జి అప్పటికే ఊరి వాలు దిగుతోంది. చెయ్యి ఊపి రమ్మంటున్నాడు. నుతారాక్ కాసేపు ఆ నీళ్ళ వెలుగునే చూశాడు. మోటారు ఆపాడు. దిగి, ఒక్కో తాడూ విప్పి, సామానంతా మళ్ళీ చలిగదిలో పెట్టి, లోపలికొచ్చి బూట్లు విప్పేశాడు.  టీ తాగి, ఆమె కుడుతుంటే దారాలు తుంచి ఇస్తూ కూర్చున్నాడు. కమానిక్ వాళ్ళు బండి నిండా సీళ్ళు తెచ్చుకున్నారు. ఒక వాటా పంపించారు. తిన్నారు.

మర్నాడు ఆకాశం అంత బాగా ఏమీ లేదు. అయినా నుతారాక్ మళ్ళీ స్లెడ్జి కట్టాడు. బయల్దేరే ముందు గుమ్మం దగ్గర ఆగి ఆమె మొహంలోకి చూశాడు. తొందరపడకుండా, ఎంతసేపైనా ఆగేవాడిలా.

ఉలాయుక్‌కి ఈరోజూ నిన్నటంత భయమే ఉంది. వెళ్ళి రమ్మంది.